కట్ట కింద ఎవరున్నారు?

టీఎంసీలో ముప్పై ఆరో వంతు నీళ్లంటే మన లెక్కలో పెద్ద విషయమేమీ కాదు. మహా అయితే నూట యాభై ఎకరాల వరికి ఒక పంట తడి. వానలు బాగా పడిన ఏడు ఇంతకన్నా ఎక్కువ నీళ్లు పట్టే ఊరచెరువులు మనకు చాలా మండలాల్లో ఉన్నాయి. 1977 నవంబరు 6న, తెల్లవారితే ఆదివారం అనగా, రాత్రి ఒంటిగంటన్నర వేళ అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఇంతపాటి నీళ్లే ఒక మట్టికట్టను తెంచుకుని వాగులో పడ్డాయి. 39 మంది చనిపోయారు. వాళ్లలో 20 మంది పిల్లలు.

ఆ కట్ట పేరు కెల్లీ బార్న్స్ డ్యామ్. జార్జియా ఈశాన్య మూలన, స్టీఫెన్స్ కౌంటీలో, టొకోవా అనే చిన్న పట్టణం పక్కనున్న కొండల్లో ఉండేది. కట్టకు సుమారు అరమైలు దిగువన టొకోవా వాగు 186 అడుగుల ఎత్తు నుంచి ఒక్క దూకున కిందపడుతుంది. ఆ జలపాతానికి దిగువన, వాగు వెంబడే టొకోవా ఫాల్స్ బైబిల్ కాలేజీ. కట్టా, దాని వెనక చెరువూ ఆ కాలేజీ సొంతం. సర్కారుకు గానీ కరెంటు సంస్థకు గానీ దానితో సంబంధం లేదు. వాగు ఒడ్డున కాలేజీ వాళ్ల ఇళ్లు ఉండేవి, పెళ్లయి పిల్లాపాపలతో చదువుకోవడానికి వచ్చిన విద్యార్థుల ట్రైలర్లు ఉండేవి. ట్రైలర్లంటే చక్రాల మీద లాక్కొచ్చి నిలిపే రేకుడబ్బా ఇళ్లు. పునాది ఉండదు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది వాటిలో నిద్రపోతున్నవాళ్లే.

డ్యాముల ప్రమాదాల గురించి రాసేవాళ్లు సాధారణంగా పెద్దవాటినే ఎత్తుకుంటారు. 1889లో పెన్సిల్వేనియాలో సౌత్ ఫోర్క్ కట్ట తెగి జాన్స్‌టౌన్ ఊరు కొట్టుకుపోయింది. 2,209 మంది పోయారు. అదీ మట్టికట్టే, అదీ ప్రైవేటుదే. సంపన్నులు చేపలు పట్టుకుంటూ సేదతీరే ఒక క్లబ్బుది. 1976లో అయిడహో రాష్ట్రంలో 305 అడుగుల ఎత్తున్న టీటన్ డ్యామ్ మొదటిసారి నింపుతుండగానే తెగింది. అది కేంద్ర ప్రభుత్వం స్వయంగా కట్టింది. ఆ కథల్లో దృశ్యం పెద్దది, మృతుల సంఖ్య పెద్దది, పేర్లు పెద్దవి. టొకోవాలో అలాంటివేవీ లేవు. అయినా చిన్న కట్టల మీద నిఘా అనేదాన్ని అమెరికా నిజంగా మొదలుపెట్టింది ఈ చిన్న ప్రమాదం తర్వాతే. అందుకే ఈ అధ్యాయానికి దీన్ని ఎంచుకున్నాను.

ముందు ఆ కట్ట పుట్టుపూర్వోత్తరాలు చూడాలి, ఎందుకంటే రోగమంతా అక్కడే ఉంది. 1899 ప్రాంతంలో ఎవరో ఒక చిన్న జలవిద్యుత్ కేంద్రం కోసం వాగుకు అడ్డంగా దుంగల చట్రం కట్టి, అందులో రాళ్లు నింపారు. తర్వాత ఆ స్థలం బైబిల్ విద్యాసంస్థ చేతికి వచ్చింది. 1937 నుంచి వాళ్లు తమ కరెంటు తాము తయారుచేసుకోవడానికి ఆ పాత రాళ్లకట్టను అక్కడే ఉంచి, దాని మీదే మట్టి పోసుకుంటూ వెళ్లారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మరికొంత మట్టి పోసి ఎత్తు పెంచారు. చివరికి సుమారు 42 అడుగుల ఎత్తు, 400 అడుగుల పొడవు, పైన 20 అడుగుల వెడల్పున్న కట్ట తయారైంది. నకాశా లేదు. మట్టి పరీక్షించినట్టు ఆధారం లేదు. 1957లో కరెంటు తయారీ ఆపేశారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు చెరువు విహారానికీ చేపలు పట్టడానికీ పనికొచ్చింది. అంటే పైసా రాబడి లేదు.

ఇక మట్టి సంగతి. మట్టికట్ట నీటిని పూర్తిగా ఆపేస్తుందని చాలామంది అనుకుంటారు. ఆపదు, నెమ్మదింపజేస్తుంది, అంతే. ఎంత బాగా దిమ్మిస చేసిన కట్టలోంచైనా నీరు ఎంతో కొంత నడుస్తూనే ఉంటుంది. కట్టను అడ్డంగా కోసి చూడగలిగితే, ఎగువ వైపు చెరువు మట్టం దగ్గర మొదలై దిగువకు వంగుతూ దిగే ఒక గీత కనిపిస్తుంది. ఆ గీత కింద మట్టిలోని ప్రతి సందులోనూ నీరే, పైన గాలీ నీరూ కలిసి ఉంటాయి. ఇంజనీర్లు దాన్ని ఫ్రియాటిక్ రేఖ అంటారు. ఆ రేఖ కట్ట పొట్టలోనే దిగి, పాదం దగ్గర వేసిన ఇసుక, కంకర డ్రెయిన్‌లో కలిస్తే భయం లేదు. దిగువ వాలు మీద, కట్ట నడుము దగ్గర బయటపడిందంటే మాత్రం ఆ కట్టకు రోజులు దగ్గరపడ్డట్టే.

ఎందుకంటే తడిసిన మట్టి బరువు పెరగడం కన్నా, దాని బలం తగ్గడం ప్రమాదం. 1920లలో కార్ల్ టెర్జాగీ అనే ఆస్ట్రియన్ ఇంజనీరు దీన్ని తేల్చి చెప్పాడు. మట్టి జారకుండా నిలబడేది రేణువులు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ ఉండడం వల్ల. రేణువుల సందుల్లోని నీటికి పీడనం పెరిగినకొద్దీ ఆ నొక్కుడు తగ్గుతుంది. బావిలో మెడలోతు నీళ్లలో నిలబడితే పాదాలు నేలను గట్టిగా నొక్కవు, కాలు ఊరికే జారుతుంది. మట్టి రేణువుకు జరిగేది కూడా అదే. పైనున్న బరువు ఏమాత్రం మారకుండానే కట్ట బలహీనపడిపోతుంది. బయటినుంచి చూసేవాడికి తేడా తెలియదు.

దీనికి విరుగుడు ఇంజనీర్లకు ఎప్పటినుంచో తెలుసు: వాలు తగ్గించడం. ఒక అడుగు ఎత్తుకు రెండు, రెండున్నర అడుగుల వెడల్పు వచ్చేలా కట్టను పరిస్తే తడిసినా నిలుస్తుంది. కెల్లీ బార్న్స్ కట్ట దిగువ వాలు ఇంచుమించు ఒకటికి ఒకటి. అంటే నలభై అయిదు డిగ్రీలు. కొండ ప్రాంతపు జిగురుమట్టి ఎండి ఉన్నంతకాలం అంత నిటారుగానూ నిలబడుతుంది, ఏళ్ల తరబడి నిలబడుతుంది. "మా తాతల నాటినుంచీ ఉంది, ఏమీ కాలేదు" అని యజమాని చెప్పే మాటకు మూలం ఇదే. పొడిగా ఉన్నప్పుడు సంపాదించుకున్న పేరు అది. నిండా తడిసిన రోజున ఆ కట్ట ఏం చేస్తుందో ఆ పేరు చెప్పదు.

కట్టకు ఇంకో చావు బుంగ రూపంలో వస్తుంది. మన చెరువుల కింద వ్యవసాయం చేసిన వాళ్లందరికీ ఇది తెలిసిందే, కానీ అది ఏ దిక్కు నుంచి మొదలవుతుందో గమనించినవాళ్లు తక్కువ. నీరు చెరువువైపు నుంచి తొలుచుకుంటూ వస్తుందనుకుంటాం. నిజానికి దిగువ ముఖం దగ్గర, నీరు బయటికి వచ్చే చోట మొదటి రేణువు ఊడుతుంది. దాని వెనక రేణువుకు ఆసరా పోతుంది, అదీ ఊడుతుంది. బొరియ వెనక్కి, చెరువు వైపు పెరుగుతూ పోతుంది. బొరియ పొడవు పెరిగినకొద్దీ మిగిలిన మట్టిలో నీరు నడవాల్సిన దారి తగ్గుతుంది. దారి తగ్గితే వేగం పెరుగుతుంది. వేగం పెరిగితే ఇంకా ఎక్కువ మట్టి కొట్టుకొస్తుంది. ఏళ్లపాటు చెమ్మగా ఉన్నచోట చివరి గంటలో పిడికిలంత, ఆపైన బండి పట్టేంత రంధ్రం పడేది ఇందువల్లే. అందుకే కట్ట కాపలాదారు చూడాల్సింది ఊట ఉందా లేదా అని కాదు, ఆ ఊటలో మట్టి ఉందా అని. తేటనీరు కారుతుంటే కట్ట ఊపిరి పీలుస్తున్నట్టే. బురదనీరు వస్తుంటే లోపల ఖాళీ అవుతోంది.

బుంగ తనకు అనువైన చోటు వెతుక్కుంటుంది. మట్టికీ మరో పదార్థానికీ అతుకు ఉన్నచోట, అంటే తూము గొట్టం వెంట, పాత రాతిగోడ వెంట, చెట్టువేరు వెంట. గొట్టం చుట్టూ మట్టిని దిమ్మిస చేయడం కష్టం, సందు మిగిలిపోతుంది. చెట్టు బతికున్నప్పుడు వేరు మట్టిని పట్టి ఉంచుతుందనేది సగం నిజమే. చెట్టు చచ్చాక వేరు కుళ్లి గొట్టమవుతుంది, గాలివానకు చెట్టు కూలితే కట్టలో ఓ గంపెడు మట్టిని వేళ్లతో పెకలించుకుని పోతుంది. కెల్లీ బార్న్స్ కట్టలో ఈ మూడూ ఉన్నాయి. పొట్టలో పాతకాలపు రాళ్ల చట్రం, కరెంటు కేంద్రం నాటి గొట్టం, వాలు మీద పెరిగిన చెట్లు. చెట్లనీడలో కట్ట చూడముచ్చటగా ఉండేదనడంలో సందేహం లేదు. మన దగ్గర కూడా కట్ట మీద తుమ్మచెట్లు కొట్టిస్తుంటే పచ్చదనం పోతోందని బాధపడేవాళ్లు ఉన్నారు. వాళ్ల బాధ అర్థమవుతుంది గానీ, కట్ట మీద చెట్టు ఉండకూడదు.

ఆ వారం టొకోవా ప్రాంతంలో నవంబరు 2 నుంచి 5 దాకా సుమారు ఏడంగుళాల వాన పడింది. అందులో సగం 5వ తేదీ సాయంత్రం ఆరు నుంచి అర్ధరాత్రి లోపు కురిసింది. తుపాను తీరాన బతికే మనకు ఇది కథగా చెప్పుకునేంత వాన కాదు. అక్కడా శతాబ్దానికోసారి వచ్చే వాన కాదు. చెరువు మట్టం పెరిగింది. దానితోపాటు కట్ట లోపలి నీటిగీత కూడా పైకి జరిగింది.

తర్వాత ఏం జరిగిందో కళ్లారా చూసి చెప్పినవాళ్లు లేరు. మిగిలిన కట్టనూ వాగునూ పరిశీలించిన ఫెడరల్ బోర్డు ఆ డిసెంబరులోనే జార్జియా గవర్నరుకు నివేదిక ఇచ్చింది. ఇదీ ఏకైక కారణం అని వాళ్లు వేలెత్తి చూపలేదు. ఇలా జరిగి ఉండవచ్చని ఒక వరుస మాత్రం చెప్పారు. నిటారుగా ఉన్న దిగువ వాలులో ఒక ముక్క జారింది. బుంగ దానికి తోడై ఉండవచ్చు. ఆ జారుడుతో కట్ట నెత్తి ఒకచోట కుంగింది. కుంగిన చోటునుంచి నీరు పొర్లి మట్టిని కోసింది. దిగువ భాగమంతా నాని, చివరికి కట్ట మొత్తంగా కూలింది. కారణాన్ని ఒక్కదానికి కుదించకపోవడం ఆ బోర్డు నిజాయితీ అనే నేను అనుకుంటాను. అన్ని తప్పులూ ఒకేచోట పోగుపడిన కట్టలో ఏ తప్పు ముందు పేలిందో తేల్చడం మిగతా వాటిని క్షమించినట్టవుతుంది.

తెగిన తర్వాతి లెక్క భయంకరమైనది. గండిలోంచి వచ్చిన నీటి గరిష్ఠ ప్రవాహం దాదాపు 24,000 క్యూసెక్కులని అంచనా కట్టారు. చెరువులో ఉన్నది 630 ఎకరా-అడుగులు, అంటే దగ్గర దగ్గర 7 లక్షల 77 వేల ఘనపు మీటర్లు. ఆ వేగంతోనే పోతే చెరువంతా ఖాళీ కావడానికి పందొమ్మిది నిమిషాలు చాలు. అంత ప్రవాహానికి ఎంత పెద్ద గండి కావాలి? నీటి లోతు పది మీటర్లనుకుంటే, గండి వెడల్పు పదమూడు మీటర్లు ఉన్నా సరిపోతుంది. ప్రవాహం గండి వెడల్పుతో సమానంగా పెరుగుతుంది గానీ, లోతుతో అంతకన్నా వేగంగా పెరుగుతుంది. లోతు రెట్టింపయితే ప్రవాహం దాదాపు మూడు రెట్లవుతుంది. కట్ట ఎత్తు విషయంలో చట్టాలు పట్టుదలగా ఉండటానికి శాస్త్రీయమైన కారణం ఇదే. అయితే ఈ సూత్రంలో కింద ఎవరున్నారన్నది లేదు. గండి పడిన చోటునుంచి అరమైలు, ఆపైన 186 అడుగుల దూకుడు, ఆ వెంటనే ఇళ్లు. హెచ్చరించడానికి మిగిలిన సమయం నిమిషాల్లో ఉంటుంది, అదీ అర్ధరాత్రి.

బోర్డు ముందుకు వచ్చిన వాటిలో ఒక ఫోటో ఉంది. 1973లో తీసింది. కట్ట దిగువ వాలు మీద పన్నెండడుగుల ఎత్తున, ముప్పై అడుగుల వెడల్పున మట్టి జారిపోయిన గుర్తు అందులో స్పష్టంగా కనిపిస్తుంది. ప్రమాదానికి నాలుగేళ్ల ముందే కట్ట తన రోగం తానే చూపించింది. ఒక మట్టి ఇంజనీరు ఆ ఫోటోను ఒక్క నిమిషం చూసి ఉంటే, ముందు చెరువు మట్టం దింపండి, మిగతాది తర్వాత మాట్లాడదాం అని ఉండేవాడు. చూసే ఉద్యోగం ఎవరికీ లేదు. జార్జియాలో అప్పటికి డ్యాముల భద్రతా చట్టమే లేదు.

కాలేజీ వాళ్లను దోషులుగా నిలబెట్టడం తేలిక. కానీ వాళ్ల స్థానంలో ఉండి చూస్తే చిన్న ప్రైవేటు కట్టల అసలు చిక్కు అర్థమవుతుంది. కరెంటు తీసినన్నాళ్లూ ఆ కట్టకు ఒక కాపలా ఉండేది. నీరు తగ్గితే దీపాలు ఆరతాయి కాబట్టి ఎవరో ఒకరు రోజూ కట్ట వైపు వెళ్లేవాళ్లు. 1957 తర్వాత వెళ్లాల్సిన అవసరం పోయింది. కట్ట ఆస్తిగా మిగిలింది, దాని పని మాత్రం పోయింది. మరమ్మతుకు పెట్టే ప్రతి డాలరూ తరగతి గదికో జీతానికో పెట్టాల్సిన డాలరే. పైగా మరమ్మతు వల్ల యజమానికి కలిగే లాభం ఏమీ లేదు, లాభమంతా దిగువ నివసించేవాళ్లకు. ఇక్కడ యజమానీ, దిగువవాళ్లూ ఒకే సంస్థ మనుషులు కావడం ఈ కథలో మరీ విషాదం. చాలా చోట్ల ఆ రెండు పక్షాలకూ ముఖపరిచయం కూడా ఉండదు. బజారు సూత్రాలు ఇలాంటి చోట పనిచేయవు. తనిఖీ చేసేవాడు బయటినుంచి రావాలి.

వాషింగ్టన్‌లో కాగితం మీద అలాంటి తనిఖీ అప్పటికే ఉంది. 1972 ఫిబ్రవరిలో వెస్ట్ వర్జీనియాలోని బఫెలో క్రీక్ దగ్గర ఒక బొగ్గు కంపెనీ గని వ్యర్థాలతో వేసిన కట్ట తెగి 125 మంది చనిపోయారు. అదే ఏడు జాతీయ డ్యాముల తనిఖీ చట్టం వచ్చింది. పాతిక అడుగుల ఎత్తు లేదా యాభై ఎకరా-అడుగుల నిల్వ ఉన్న కట్టల జాబితా తయారుచేసి, వాటిని పరీక్షించే అధికారం సైన్యంలోని ఇంజనీర్ల దళానికి ఇచ్చారు. జాబితా వరకు పని జరిగింది. తనిఖీలకు డబ్బు ఇవ్వలేదు. టీటన్ డ్యామ్ తెగాక, 1977 ఏప్రిల్లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ కేంద్ర సంస్థల డ్యాముల భద్రతను సమీక్షించమన్నాడు. ప్రైవేటు కట్టలు ఆ సమీక్షలోకీ రాలేదు. కార్టర్ సొంత రాష్ట్రం జార్జియా. ఆయన అంతకుముందు అక్కడ గవర్నరు కూడా. టొకోవా తర్వాత వారాల్లోనే, దిగువన మనుషులున్న ప్రభుత్వేతర కట్టలను పరీక్షించమని ఇంజనీర్ల దళాన్ని ఆదేశించాడు.

1981 నాటికి దాదాపు తొమ్మిది వేల కట్టలు చూశారు. ఇంచుమించు మూడో వంతు భద్రంగా లేవని తేలింది. టొకోవా దురదృష్టం కాదనీ, ఒక పెద్ద గుంపులోంచి యాదృచ్ఛికంగా బయటపడ్డ ఒక్కటనీ ఆ సంఖ్యతో రుజువైంది. ఎక్కువచోట్ల కనిపించిన లోపం మరీ నాటకీయమైనది కాదు. అలుగు చాలినంత లేదు, పెద్ద వాన వస్తే నీరు కట్ట మీదుగా పొర్లుతుంది. 1978లో జార్జియా తన సొంత చట్టం చేసుకుంది. ఎత్తు పాతికడుగులు గానీ, నిల్వ వంద ఎకరా-అడుగులు గానీ దాటితే అది డ్యామ్. అది తెగితే ప్రాణాలు పోతాయనుకుంటే మొదటి తరగతి డ్యామ్. అంటే, యజమాని అనుమతి తీసుకోవాలి, ఇంజనీరును పెట్టుకోవాలి, ప్రమాణాలకు తూగేలా బాగుచేయాలి, లేదా కట్టను పద్ధతిగా కోసి చెరువు ఖాళీ చేయాలి. చివరి దారి పట్టినవాళ్లూ ఉన్నారు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఈ తరగతుల విషయంలో ఒక అపోహ నిపుణుల సభల్లో కూడా వినిపిస్తుంది. అధిక ప్రమాద శ్రేణి అనగానే కట్ట పాడైపోయిందని అనుకుంటారు. కట్ట ఉక్కులా ఉన్నా, దిగువన బడి ఉంటే అది అధిక ప్రమాద శ్రేణే. కట్ట శిథిలమైనా, కింద అడవి తప్ప మరేమీ లేకపోతే అల్ప శ్రేణి. తరగతి చెప్పేది తెగితే ఏం పోతుందని, తెగుతుందా లేదా అని కాదు. దీనివల్ల ఒక వింత పుడుతుంది. కట్టకు ఎవరూ చేయి తగిలించకుండానే దాని తరగతి మారిపోతుంది. వాగు పక్కన స్థలం చవగ్గా దొరికిందని ఎవరో పది ఇళ్లు వేస్తారు. ఎగువనున్న రైతుకు తెలియదు, ఇళ్లు కొన్నవాళ్లకు ఎగువన కట్ట ఉందన్నదే తెలియదు. అందుకే జాబితాను కొన్నేళ్లకోసారి మళ్లీ రాయకపోతే అది చెల్లని కాగితమే.

చట్టం ఉంటే చాలా? హవాయి దీవుల్లోని కవాయిలో 2006 మార్చి 14 తెల్లవారుజామున తెగిన కలోకో డ్యామ్ దీనికి జవాబు. చెరకు తోటల కాలంలో, 1890లో వేసిన మట్టికట్ట. అప్పటికి ప్రైవేటు యజమాని చేతిలో ఉంది. కార్ల వ్యాపారం చేసి విశ్రాంతి తీసుకుంటున్న సంపన్నుడు. వారాల తరబడి వాన. టొకోవా కన్నా దాదాపు రెట్టింపు నీరు. దిగువన ఏడుగురు చనిపోయారు, వాళ్లలో ఒకామె గర్భిణి. హవాయిలో 1987 నుంచే డ్యాముల భద్రతా చట్టం ఉంది. రాష్ట్రం నియమించిన స్వతంత్ర విచారణ 2007 జనవరిలో నివేదిక ఇచ్చింది. కట్టకు ఉండాల్సిన అలుగును పూడ్చేసినట్టు అందులో ఉంది. ఆ చుట్టుపక్కల అనుమతి లేని మట్టిపని జరుగుతోందని 1997లోనే కౌంటీ ఉద్యోగులకు తెలిసినా, వ్యవహారం ముందుకు సాగలేదని ఉంది. రాష్ట్ర ఇంజనీర్లు ఆ కట్టను ఒక్కసారీ తనిఖీ చేయలేదని ఉంది. ఎందుకు చేయలేదంటే, వాళ్ల జాబితాలో అది అల్ప ప్రమాద శ్రేణి.

అలుగు పూడ్చడం ఎంత పెద్ద నేరమో మన రైతుకు వివరించనక్కర్లేదు. మట్టికట్ట మీదుగా నీరు పొర్లడానికి లేదు. పొర్లిన నీరు దిగువ వాలు మీద వేగం అందుకుని పాదం దగ్గర మట్టిని కోస్తుంది, కోత మెట్టుమెట్టుగా నెత్తి దాకా ఎక్కుతుంది. అలుగు ఉన్నది ఆ నీరు రాతి మీదుగా పక్కకు తప్పుకుపోవడానికి. ప్రపంచంలో మట్టికట్టలు తెగిన కేసులను లెక్కిస్తే సగానికి దగ్గర పైనుంచి పొర్లడం వల్ల, దాదాపు అన్నే బుంగల వల్ల. కలోకో మొదటి రకం, టొకోవాను మాత్రం ఏ ఒక్క రకంలోనూ పెట్టలేం. కలోకో యజమానికి చివరికి 2014లో ఏడు నెలల జైలుశిక్ష పడింది. కట్ట యజమానికి జైలు పడటం ఎంత అరుదంటే, అప్పట్లో అదే వార్తయింది.

నిఘా అంటే చట్టం, ఉద్యోగి, డబ్బు మూడూ కావాలి. టొకోవా నాటికి జార్జియాకు చట్టం లేదు, వాషింగ్టన్ చట్టానికి డబ్బు లేదు. కలోకో నాటికి హవాయిలో చట్టం ఉండి మనుషులు చాల్లేదు. నేటి అమెరికా జాతీయ జాబితాలో తొంభై వేలకు పైగా డ్యాములున్నాయి. సగానికి పైగా ప్రైవేటువే. రాష్ట్ర కార్యాలయంలో ఒక్కో ఇంజనీరు నెత్తిన పడే కట్టల సంఖ్య ఊహించుకోవచ్చు. అలబామా రాష్ట్రం నేటికీ డ్యాముల మీద నియంత్రణ కార్యక్రమమే పెట్టుకోలేదు.

మన దగ్గర చెరువులు చాలావరకు సర్కారువి. కాబట్టి యజమాని ఎవరన్న చిక్కు తక్కువ, ఎవరు చూడాలన్న చిక్కు మాత్రం ఉంది. ఒకప్పుడు ఊరికో నీరటి ఉండేవాడు. తూము తియ్యడం, మూయడం, వానలో కట్ట మీద తిరగడం అతని పని, పంటలో వాటా అతని జీతం. టొకోవాలో 1957 తర్వాత లేనిది సరిగ్గా ఇలాంటి మనిషే. ప్రభుత్వ లెక్కల్లో చెరువుల విభజన చాలాకాలం ఆయకట్టు మీద సాగింది. వంద ఎకరాల లోపుదైతే పంచాయతీలకు, పైదైతే నీటిపారుదల శాఖకు. ఎంత పొలం పారుతుందనే లెక్క అది. తెగితే ఏ వాడ మునుగుతుందనే లెక్క కాదు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి విజయనగర శాసనం చెరువుకు కావాల్సిన పన్నెండు అంగాలతోపాటు ఆరు దోషాలను కూడా చెబుతుంది. వాటిలో మొదటిది కట్టలోంచి నీరు ఊరడం. మూడోది రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం. మొదటిది మట్టి ఇంజనీరు మాట. మూడోది పాలకుడి మాట, ఎవరి అధికారమో తేలని చోట కట్ట బాగుండదని. రెండింటినీ ఒకే జాబితాలో రాసినవాళ్ల తెలివిని మెచ్చుకోకుండా ఉండలేం.

మన దేశంలో డ్యాముల భద్రతా చట్టం 2021లో వచ్చింది. ఆ నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. రెండు వారాల లోపే రాజ్యసభ బిల్లును ఆమోదించింది. చట్టం మంచిదే. వానాకాలానికి ముందూ తర్వాతా తనిఖీ తప్పనిసరి, అత్యవసర ప్రణాళిక తప్పనిసరి, యజమాని సర్కారైనా కంపెనీ అయినా బాధ్యత ఒకటే. అయితే అది అన్ని కట్టలకూ వర్తించదు. ఎత్తు 15 మీటర్లు దాటాలి. లేదా 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉండి, పొడవు కనీసం 500 మీటర్లు, లేదా నిల్వ కనీసం 10 లక్షల ఘనపు మీటర్లు, లేదా దాటించే గరిష్ఠ వరద కనీసం సెకనుకు 2,000 ఘనపు మీటర్లు, లేదా చిక్కైన పునాది, లేదా అసాధారణ డిజైన్, వీటిలో ఏదో ఒకటి ఉండాలి.

కెల్లీ బార్న్స్ కట్టను ఈ కొలతల దగ్గర నిలబెట్టి చూద్దాం. ఎత్తు 13 మీటర్ల లోపు, కాబట్టి మొదటి షరతు దాటదు. పొడవు 122 మీటర్లు, చాలదు. నిల్వ 7 లక్షల 77 వేలు, చాలదు. వరద చాలదు. ఇంత నిటారు వాలు, చెట్లు, 1973 నాటి జారుడు, దిగువ ట్రైలర్లు ఈ షరతుల్లో ఎక్కడా లేవు. పునాది సంగతి తెలియజేసే పత్రమే లేదు. అలాంటి కట్ట ఇక్కడ ఉంటే కేంద్ర చట్టం పరిధిలోకి రావడానికి దానికి మిగిలే దారి ఆఖరిదొక్కటే, అసాధారణ డిజైన్. పాత దుంగలూ రాళ్లూ పొట్టలో పెట్టుకున్న మట్టికట్ట అసాధారణమనే ఏ ఇంజనీరైనా ఒప్పుకుంటాడు. కానీ లోపల ఆ చట్రం ఉందని తెలియాలంటే నకాశా ఉండాలి, లేదా ఎవరైనా బోరు వేసి చూడాలి. చట్టం వర్తిస్తే తప్ప బోరు వేయమనేవాడు లేడు. 1977లో బోర్డు వాళ్లకు కట్ట లోపల ఏముందో చూసే అవకాశం ఇచ్చింది గండి.